చిన్న పిల్లలకు 'ఏ మొక్క ఏ జాగల పెరుగుతది, ఎందుకు' అనేది ఎట్ల చెప్పాలె?

ఒకటో_తరగతి_టీచర్_హన్మకొండ

అందరికి నమస్తే. నేను హన్మకొండ పక్కన ఒక బడిల ఒకటో తరగతికి చెప్త. 22 మంది పిల్లలు, అందరు అయిదారేండ్ల వాళ్లే. ఈ నెల పాఠం మొక్కలు, అవి ఉండే చోట్లు. మాకిచ్చిన చార్టుల నాలుగు బొమ్మలున్నయి, ఎడారి, చెరువు, మంచుకొండ, అడవి. ఇంకో పక్క నాగజెముడు, తామర, దేవదారు, టేకు. గీత గీసి జత చేయాలె, గంతే. పిల్లలు రెండు నిమిషాలల్ల గీసేసిన్రు, అన్నీ కరెక్టే. కానీ వాళ్లకేం అర్థమైందో నాకు అర్థం కాలే.

మొన్న ఒక పాప లేచి "మేడమ్, మా ఇంటి గోడ మీద కూడ నాగజెముడు కుండీ ఉంది, మరి మాది ఎడారా" అని అడిగింది. అందరు నా దిక్కే చూస్తున్నరు. ఎడారి మొక్కను మనం తెచ్చి పెంచుకుంటున్నం అని చెప్పిన కానీ నాకే అది సగం జవాబు అనిపించింది.

ఇంకోటి మనసుకు కష్టమైంది. పాఠం కోసమని కిటికీ కాడ ఒక కుండీల నాగజెముడు మట్ట పెట్టిన. పిల్లలకు దాని మీద ఎంత ప్రేమంటే ఇంటర్వెల్ కాంగనే ఎవల బాటిల్ వాళ్లు తెచ్చి పోసుడే, నేను వద్దన్నా నేను చూడనప్పుడు పోసిన్రు. రెండు వారాలల్ల మొదలు మెత్తగయ్యింది, వాసనొచ్చింది, ఒకరోజు పొద్దుగాల వచ్చేసరికి ఒరిగిపోయి ఉంది. ఒక పిలగాడైతే వెక్కివెక్కి ఏడ్చిండు, "నీళ్లు పోస్తే మొక్క బతుకుతది అన్నరు కద మేడమ్" అని. వానికి ఏం చెప్పాలె చెప్పుర్రి. నీళ్లు పోయమని చెప్పింది మనమే.

ఇగ నా ప్రశ్న. 'ఆవాసం' లాంటి మాట వాడకుండ, ఒక మొక్క ఒక చోటనే ఎందుకు మంచిగ ఉంటది అనేది ఈ వయసు పిల్లలకు కంటికి కనపడేటట్టు ఎట్ల చెప్పాలె? బతుకమ్మ సెలవులకు ముందు ఒక పూట బయటికి తీస్కపోనీకె హెడ్ మేడమ్ ఒప్పుకున్నది. ఎక్కడికి పోవాలె, ఏం చూపెట్టాలె, ఏం జాగ్రత్తలు తీస్కోవాలె? ఎవరన్న చేసినోళ్లుంటే చెప్పుర్రి.

పరకాల_బడిపంతులు

మేడమ్, ముందుగాల ఆ కుండీ పారేసిన్రా ఉన్నదా? ఉంటే మాత్రం పారేయకుర్రి. మీ పాఠం అండ్లనే ఉన్నది.

ఆ పిలగాన్ని పక్కన కూసోబెట్టుకొని కుండీ బోర్లించుర్రి. కుళ్లిన వేరు నల్లగ, జారుజారుగ ఉంటది, పట్టుకుంటే తొక్క ఊడొస్తది. మంచి వేరు తెల్లగ గట్టిగ ఉంటది, అది చూపెట్టనీకె ఏదన్న గడ్డి మొక్క ఒక్కటి పీకితే చాలు. తర్వాత ఒక గాజు గ్లాసుల ఎండిన మట్టిపెళ్ల వేసి, పైనుంచి మెల్లగ నీళ్లు పొయ్యుర్రి. బుడగలొస్తయి, బుడబుడమని సప్పుడు కూడ వినపడ్తది. "ఆ బుడగలేంది?" అని పిల్లల్నే అడుగుర్రి. మట్టిల గాలి ఉంది, నీళ్లు పోస్తే గాలి బయటికొచ్చింది, వేరుకు కూడ గాలి కావాలె, రోజూ నీళ్లు పోస్తే దానికి ఊపిరాడలే. నేను ఇది రెండో తరగతిల చేసిన, ఒక పోరడు తన ముక్కు మూస్కొని చూపెట్టిండు, "గిట్లనా సార్" అని. అంతకంటె మంచి వివరణ నేనియ్యలేను.

ఆ పిలగానికి తప్పు నీది కాదు అని ఊరికే అనకుర్రి. నువ్వు ప్రేమతోనే పోసినవ్, కానీ ఈ మొక్కకు దాహం తక్కువ, ఎందుకంటే అది నీళ్లు దాసుకుంటది అని చెప్పుర్రి. ఆ పచ్చగ పలకలెక్క ఉన్నది ఆకు కాదు, కాండం. ముళ్లే దాని ఆకులు. వెడల్పు ఆకుంటే నీళ్లు ఆవిరైపోతయని ముళ్లయినయి. ఇది ఇన్న పిల్లలు మస్తు ఆశ్చర్యపోతరు.

మాట సంగతి. నేను 'ఆవాసం' అనను, 'మొక్క ఇల్లు' అని కూడ అనను. ఇల్లంటే పిల్లలకు బయటికి పోయి మాపటికి మళ్లొచ్చేది. మొక్క యాడికి పోతది? గింజ యాడ పడితే ఆడనే, నచ్చినా నచ్చకున్నా. అందుకే నేను 'జాగ' అంట. ఇది దాని జాగ, ఇది దాని జాగ కాదు. మన పిల్లలకు రోజూ ఇంట్ల వినపడే మాట.

బయటికి పోకముందు బడిలనే మూడు జాగలు చూడుర్రి. నల్లా నీళ్లు పారే కాడ, ఎండకు మాడే గ్రౌండ్ నడుమ, గోడ సందు. నల్లా కాడ తుంగ, పొన్నగంటి ఉంటయి. గ్రౌండ్ల పల్లేరు నేలకు అంటుకొని పరుసుకొని ఉంటది. గోడ సందుల రావి మొక్క. "దీన్ని ఇక్కడ ఎవరు పెట్టిన్రు?" అని అడిగితే ఎన్ని జవాబులొస్తయో చూడుర్రి, ఆఖరికి పిట్ట రావి పండు తిని రెట్టేసింది అని చెప్తే వాళ్లకు పండగే. ఒక తాడు గుండ్రంగ పరిచి, ఆ గుండ్రంల ఎన్ని రకాలున్నయో లెక్కపెట్టమంటే అరగంట గడుస్తది.

చెల్క_మడి_రెండున్నయి (నర్సంపేట దిక్కు)

టీచరమ్మా, నేను చదువుకున్నోన్ని కాదు కానీ మా ఊర్ల పిల్లలకు చెప్పినట్టు చెప్త, పనికొస్తే తీస్కోర్రి.

నాకు వరి మడి ఉంది, పక్కనే చెల్కల మక్క వేసిన. రెండిటికి నడుమ ఒక్క ఒడ్డే అడ్డం. అదే వాన రెండిటి మీద పడ్డది. వరి నీళ్లల్ల నిలబడి నవ్వుతున్నది, మక్కకు వారం జాలు పట్టేసరికి కింది ఆకులు పసుపుపచ్చగయినయి. పత్తి కూడ అంతే, జాలు పడితే ఎర్రబడి వాడిపోతది, కింద నీళ్లుంటయి పైన మొక్క ఎండుతున్నట్టుంటది. మా చిన్నోడు అడిగిండు వరికెందుకేం కాదు అని. నేను వరి గంట మొదలు కొడవలితోటి అడ్డంగ కోసి చూపెట్టిన, లోపల సందులు సందులుంటయి. ఆకుల నుంచి గాలి ఆ సందులల్లకెళ్లి వేర్ల దాక దిగుతది. మక్కకు ఆ ఏర్పాటు అంతగ లేదు. పైన సార్ చెప్పిన గ్లాసుల బుడగలు చూపెట్టినంక ఇది చూపెడితే పిల్లలు ఇట్టే పట్టేస్తరు. ఒక వరి గంట, ఒక మక్క మొక్క వేర్లతో సహా బకెట్ల వేసుకపోతే క్లాసుల కూడ చూపెట్టొచ్చు, మీ దగ్గర ఏ రైతునడిగినా ఇస్తడు.

ఇంకోటి, బతుకమ్మ వస్తున్నది కద. అంతకంటె మంచి పాఠం యాడ దొరుకుతది? తంగేడు, గునుగు, గుమ్మడి పువ్వు, తామర, ఒక్కొక్క పువ్వు ఒక్కొక్క జాగ నుంచి వచ్చిందే. తంగేడు గట్ల మీద, గుట్టల పొంటి, ఎవరు నీళ్లు పెట్టని రాళ్లభూమిల వస్తది. మన తెలంగాణ రాష్ట్ర పువ్వు కూడ అదే. గునుగు వానకాలం చెల్కలల్ల పంట నడుమ మొలుస్తది, దాన్ని ఎవరు విత్తరు. తామరేమో చెరువుల. గుమ్మడి పెరట్ల. బతుకమ్మ పేర్చేటప్పుడు పిల్లలతోటి ఒక్కొక్క వరుసకు "ఇది యాడికెళ్లొచ్చింది" అని అడిగించుర్రి. అది పేర్చేసరికి మన ఊరంత ఆ తాంబాలంల కూసుంటది.

గునుగు గురించి ఒక బాధ చెప్పుకోవాలె. మా చిన్నతనంల మా అవ్వ చెల్కల నుంచి గంపలు గంపలు తెచ్చేది. ఇప్పుడు నేను గడ్డిమందు కొట్టిన చెల్కల ఒక్క గునుగు మొలుస్తలేదు. పోయినేడు మా బిడ్డ కోసం ఒడ్డు పొంటి ఒక మూల వదిలేసిన, మందు కొట్టలే. ఆ మూలల మళ్ల వచ్చింది. పిల్లలకు ఇది కూడ చెప్పుర్రి, జాగ ఉన్నా మనం ఏం చేస్తున్నమో దాన్ని బట్టే ఆ మొక్క ఉంటది పోతది.

బాటనీ_చదివిన_అక్క

రైతన్న చెప్పింది చదివి మనసు నిండింది. వరి మొదలు సంగతి నూటికి నూరుపాళ్లు నిజం, మేము డిగ్రీల పెద్ద పేరుతో చదువుకున్నది అదే.

టీచర్ గారూ, ఆ పాప ప్రశ్న గురించే రెండు రోజులు ఆలోచించిన, మాది ఎడారా అన్నదాని గురించి. అసలు లోపం చార్టుల ఉంది. నాగజెముడు పుట్టిల్లు అమెరికా ఖండం, మన దేశంలకు తెచ్చిందే. మన థార్ ఎడారిల సొంతంగా పుట్టిన నాగజెముడు జాతి లేదు. మరి అక్కడ ఉన్న చెట్టేందో తెలుసా, జమ్మి. రాజస్థాన్ వాళ్లు ఖేజ్రీ అంటరు, వాళ్ల రాష్ట్ర చెట్టు. మన తెలంగాణ రాష్ట్ర చెట్టు కూడా జమ్మే. దసరా నాడు మనం పూజ చేసి, ఆకు తెచ్చి పెద్దల చేతిల పెట్టి బంగారం అని మొక్కుతం కద, అదే. చిన్నచిన్న ఆకులు, లోతుకు పోయే వేరు, అందుకే వాన తక్కువున్న కాడ నిలబడ్తది. ఎడారిల బతికే చెట్టు మన ఊర్ల కూడా ఉందంటే మనది ఎడారి అని కాదు, దానికి తక్కువ నీళ్లతో బతకడం వచ్చు కాబట్టి రెండు చోట్లా బతుకుతది. ఆ పాపకు ఇది చెప్పండి. మంచి ప్రశ్న అడిగింది, ఆ ప్రశ్న వల్లనే క్లాసంతా ఒకటి నేర్చుకుంటది.

బయటికి పోనీకె నా సలహా చెరువు కట్ట. బొటానికల్ గార్డెన్ వద్దు, అక్కడ అన్నీ మనిషి నాటినవే, బోర్డులు పెట్టినవే. కట్ట మీద అయితే పై నుంచి నీళ్ల దాకా నడుస్తుంటే మొక్కలు మారిపోతుంటయి, అది పిల్లల కాళ్లకే తెలుస్తది. పైన పొడి మట్టి, కింద తేమ, ఇంకా కిందికి బురద, తర్వాత నీళ్లు.

తామర, కలువ రెండూ దొరికితే ఆకులు పక్కపక్కన పెట్టండి. కలువ ఆకుకు అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటది, నీళ్ల మీద పరుచుకొని ఉంటది. తామర ఆకు చీలిక లేకుండ గుండ్రం, కాడ కింద నడుమల అతుక్కొని ఉంటది గొడుగులెక్క, ముదిరిన ఆకులు నీళ్లకు పైకి లేస్తయి. తామరాకు మీద చెంచా నీళ్లు పోసి పిల్లల చేతికియ్యండి, ముత్యాలు దొర్లినట్టు దొర్లుతయి, ఆకు తడవదు. ఆ తర్వాత తామర కాడ ఒక జానెడు ముక్క కోసి, ఒక కొస నీళ్ల గిన్నెల ముంచి, ఇంకో కొస నుంచి మీరు ఊదండి. బుడగలొస్తయి. కాడ నిండా గొట్టాలే. కింద బురదల ఉన్న దుంపకు ఆ గొట్టాల నుంచే గాలి అందుతది. చూడండి, నాగజెముడు కుండీల గాలి లేక పోయింది, వరి సందుల నుంచి గాలి దింపింది, తామర గొట్టాలు పెట్టుకుంది. మీకు వేరే పాఠం అక్కర్లేదు, ఈ గాలి కథ ఒక్కటి పట్టుకొని పోతే చాలు.

గుర్రపుడెక్క కనపడితే ఒకటి తీసి ఆ ఉబ్బిన కాడ కోసి చూపెట్టండి, లోపల స్పాంజే. అందుకే తేలుతది. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, మన చెరువులల్ల నీళ్లు కనపడకుండ కమ్మేస్తది. కింద చేపకు గాలి, వెలుతురు తగ్గిపోతయి.

ములుగు_అంగన్‌వాడీ

నేను ములుగు దిక్కు అంగన్‌వాడీల చెప్త, మావి ఇంకా చిన్న పిల్లలు, మూడు నుంచి ఆరేండ్లు. అందరు మంచిగ చెప్పిన్రు, నేను జాగ్రత్తలు చెప్త ఎందుకంటే ఈ వయసుల చేతిల పడ్డదల్ల నోట్లకే పోతది.

గురిగింజ ఎర్రగ నల్లగ అందంగ ఉంటది, పిల్లలు జేబుల వేస్కుంటరు, అది పెద్ద విషం, ఇయ్యకుర్రి. ఆముదం గింజ, పచ్చగన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడ అంతే. జిల్లేడు పాలు కంట్ల పడితే కన్నుకే ప్రమాదం, జిల్లేడు చూపెట్టాలంటే మీరే పట్టుకొని చూపెట్టుర్రి, ఆకు మీద తెల్లటి నూగు వేలుతోటి రాస్తే పోతది అది చూస్తే చాలు. దూలగొండి తీగ ముట్టనీయకుర్రి, ఒళ్లంత దురద. వయ్యారిభామ రోడ్ల పొంటి తెల్ల పూలతోటి ఉంటది, కొందరికి చర్మం మీద దద్దుర్లు లేస్తయి, ముద్దుగ ఉందని పిల్లలు తెంపుతరు. నేను పోకముందే చెప్పి పెడ్త, "మేడమ్ ముట్టిందే మనం ముట్టాలె, ఏదీ నోట్ల పెట్టొద్దు", మళ్లొచ్చినంక సబ్బుతోటి చేతులు.

చెరువు కాడికి పోతే ఇద్దరు పెద్దోళ్లు తక్కువ, 22 మందికి కనీసం నలుగురుండాలె. నీళ్ల అంచుకు పిల్లలు పోవద్దు, తామర కలువ మీరే తెప్పించి కట్ట మీద చూపెట్టుర్రి. వానలు పడ్డంక గడ్డి ఎత్తుగ ఉంటది, పురుగుబూచి ఉంటది, గడ్డిలకు దిగనీయకుర్రి, చెప్పులు కాదు బూట్లేయించుర్రి. ఎండ ముదరకముందే రావాలె.

ఇంకోటి సార్‌కు చిన్న మాట. పీకి చూపెట్టుడు ఒక్కటి చాలు, 22 మంది చేతికి 22 మొక్కలు వద్దు. మా దగ్గర ఒకసారి అట్ల చేసినం, మరుసటి రోజు పిల్లలు సెంటర్ ముంగట ఉన్న బంతి మొక్కలన్నీ పీకి "వేర్లు చూసినం మేడమ్" అని తెచ్చిన్రు. వాళ్ల తప్పేం లేదు, మేము చూపెట్టిందే చేసిన్రు.

అడవి గురించి చెప్పాలంటే లేత టేకు ఆకు ఒక్కటి తీస్కపోర్రి. అరచేతిల నలిపితే ఎర్రగ గోరింటాకు లెక్క అంటుతది. మా పిల్లలకు అది తెలుసు కానీ పట్నం పిల్లలు చూసి నోరు తెరుస్తరు. ఎండకాలంల టేకు ఆకులన్నీ రాల్చుకుంటది, అంత పెద్ద ఆకులుంటే నీళ్లన్ని ఆవిరైపోతయి కద. మా కోయ పిల్లల్ని "ఇప్ప పువ్వు ఎప్పుడు రాలుతది" అని అడిగితే తెల్లారకముందే అని చెప్తరు, ఎండకాలం మొదట్ల అమ్మమ్మల ఎంట గంప పట్టుకొని పోతరు కాబట్టి. ఏ ఇంటి నుంచి ఏ పిల్లకు ఏం తెలుసో ముందుగాల అడుగుర్రి. మీ క్లాసుల కూడ ఒక అవ్వనో తాతనో పిలిస్తే మీకంటె నాకంటె ఎక్కువ చెప్తరు.

ఒకటో_తరగతి_టీచర్_హన్మకొండ

అందరికి పేరుపేరున దండాలు. నిన్న పోయొచ్చినం, రాత్రే రాద్దామనుకున్న కానీ అలిసిపోయి పండుకున్న.

ముందు కుండీ సంగతి. సార్ చెప్పినట్టే బోర్లించి చూపెట్టిన. గ్లాసుల మట్టిపెళ్ల వేసి నీళ్లు పోస్తే క్లాసంత నిశ్శబ్దం, బుడబుడ వినపడ్డది. ఏడ్చిన పిలగాడు గ్లాసుకు చెవి ఆనిచ్చి ఇన్నడు.

కట్ట మీదికి 20 మంది వచ్చిన్రు, ఇద్దరికి జ్వరం. ముగ్గురు తల్లులు, ఆయమ్మ, నేను. పైన తంగేడు పూసి ఉంది, మొదలు కాడ మట్టి చేతిల పోస్కుంటే పొడిపొడిగ జారింది. కొంచెం కిందికి దిగే కాడ నేనొక్కదాన్నే దిగి మట్టి తెచ్చిన, ముద్ద కట్టింది. ఇంకా కిందికెళ్లి తెచ్చింది చేతికి అంటుకుంది, తుంగ దుంప కూడ వచ్చింది దాంతోటి. మూడు మట్టి ముద్దలు మూడు మోదుగాకుల మీద పెట్టి, ఏ ముద్ద ఏ మొక్కది అని అడిగిన. ఎవరు గీతలు గీయలే, ముట్టి చెప్పిన్రు. చెరువు పక్క పూలమ్మే ఆమె తామరాకు, కలువ ఆకు, కాడలు ఇచ్చింది, పిల్లలకంటే పైసలు తీస్కోలే. తామర కాడ ఊదినప్పుడు బుడగలు చూసి ఒకామె కొడుకు "దీనికి కూడ ముక్కుంది" అన్నడు. తామరాకు మీద నీళ్ల చుక్క కింద పడకుండ ఆడించుడు వంతులు వేస్కొని చేసిన్రు, దానికే ఇరవై నిమిషాలు పట్టింది, నేను ఆపలే.

జమ్మి గురించి చెప్పంగనే ఆ ఎడారి పాప "మరి మా నాన్న దసరాకు తెచ్చేది ఎడారి చెట్టాకా" అని అడిగింది. దానికి ఎంత సంతోషమైందో మొఖంల కనపడ్డది.

కొత్త నాగజెముడు మట్ట పెట్టినం, ఈసారి ఇసుక కలిపి, కింద తొర్ర ఉన్న కుండీల. నీళ్లు పోసే బాధ్యత ఆ పిలగానికే ఇచ్చిన. రోజూ వచ్చి ముళ్లు తాకకుండ అంచుకు వేలు పెట్టి చూస్తడు, "ఇంక పచ్చిగనే ఉంది మేడమ్, ఇయ్యాల వద్దు" అంటడు.

ఇంకొక్కటి అడుగుత. సెలవుల తర్వాత పిల్లలకు జమ్మి చెట్టు చూపెట్టాలని ఉంది. మా బడి ఎనక ఒక ముళ్ల చెట్టుంది, ఆయమ్మ జమ్మి అంటది, వాచ్‌మన్ కాదు సర్కారు తుమ్మ అంటడు. ఎట్ల గుర్తుపట్టాలె?

బాటనీ_చదివిన_అక్క

రెండూ ఒక్క తీరుగనే కనపడ్తయి, చాలామంది పొరబడ్తరు. కొమ్మ దగ్గరికి పోయి ముళ్లు చూడండి. సర్కారు తుమ్మకు ఆకు వచ్చే కణుపు కాడనే ముళ్లుంటయి, ఎక్కువ జంటగా, పొడుగ్గా. జమ్మికి ముళ్లు పొట్టిగా, కణుపుల నడుమ కొమ్మ పొడుగునా అక్కడక్కడ ఉంటయి. సర్కారు తుమ్మ కూడా అమెరికా దిక్కు నుంచి తెచ్చిందే. ఆకులు లేకుండ ఒక చిన్న కొమ్మ ఫొటో తీసి పెట్టండి, కణుపులు కనపడేటట్టు. చూసి చెప్త.